బిగింపు బావ విప్పిన నట్లు

ఆయన మూత పెట్టిన సీసాను ఆయన తప్ప మరొకరు తెరవలేరు. ఆయన కట్టేసిన కుళాయి తిప్పాలంటే గుడ్డ చుట్టి, రెండు చేతులూ వేసి, పళ్లు బిగబట్టాలి. సైకిలు సీటు, కుక్కరు పిడి, చివరికి కళ్లద్దాల మర కూడా ఆయన చెయ్యి పడిందంటే ఉడుం పట్టే. తెల్లారింది మొదలు ఆ ఇంట్లో "ఏమండీ, ఒకసారి ఇటొచ్చి ఈ మూత తీసిపెట్టండి" అన్న పిలుపు వినబడుతూనే ఉంటుంది. ఆయన కూడా చేస్తున్న పని వదిలేసి వెళ్లి, ఒక్క తిప్పుతో తీసి, అదేదో ఘనకార్యమైనట్టు ఆవిడ చేతికిచ్చి వస్తాడు. కార్ల మెకానిక్కు అయిన బావమరిది ఆయనకు బిగింపు బావ అని పేరు పెట్టాడు. వీధంతా ఆ పేరే ఖాయం చేసేసింది.

ఊరికే వచ్చిన అలవాటు కాదది. రిటైరయ్యేదాకా ఆయన నీటి సరఫరా శాఖలో పైపులు బిగించాడు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆయన వేసిన జాయింటు ఒకటి ఊడిపోయి, ఓ బట్టల దుకాణం కింది గది నిండా నీళ్లు చేరాయి. ఆయన పరుగున వెళ్లేసరికి దుకాణదారు తడిసిన తానుల మధ్య స్టూలు వేసుకుని కూర్చున్నాడు. పల్లెత్తు మాట అనలేదు. నాలుగు తిట్లు తిట్టినా బాగుండేదని ఆయన ఇప్పటికీ అనుకుంటాడు. అప్పటినుంచి ప్రతి మర మీదా దండిగా గ్రీజు పూసి, పానా మూలిగేదాకా తిప్పి, ఆపైన ఇంకో అర చుట్టు తిప్పడం మొదలుపెట్టాడు. ఆయన వేసిన జాయింటు మళ్లీ ఎప్పుడూ కారలేదు. వాటిని మార్చాల్సి వచ్చినప్పుడు రంపంతో కోయాల్సి వచ్చేదని మాత్రం ఆయన మొహాన ఎవరూ అనలేదు.

ఆయన భార్య దర్జీ. ముందు గదిలో కిటికీ పక్కన మిషను, మెడలో కొలతల టేపు, పెదవుల మధ్య ఎప్పుడూ గుండుసూదులు. సూదులు నోట్లో ఉన్నంతసేపూ ఆవిడ మాట్లాడదు. కాబట్టి ఆవిడ సూదులు తీసిందంటే ఆయన జాగ్రత్త పడతాడు. ఆ రోజు సూదులన్నీ తీసి దిండుకు గుచ్చి మరీ చెప్పింది. కొండ అవతల కుట్టు శిక్షణ కేంద్రంలో పాఠాలు చెప్పడానికి రమ్మన్నారట. ఒప్పుకుందట. సోమవారం చేరాలట. ఆ దారిన బస్సుల్లేవు కనుక కారు తనే నడుపుకుంటూ వెళుతుందట.

"ఒక్కదానివేనా?" అన్నాడాయన.

"పోనీ వీధివాళ్లందర్నీ ఎక్కించుకుని వెళ్లమంటారా?"

ఆవిడకు కారు నేర్పించింది ఆయనే. కానీ ఆయన పక్క సీట్లో కూర్చుంటే సంగతి వేరు. ఆ కొండ దారిలో మనిషి కనబడడు, ఫోను పలకదు. ఆయనకు వద్దని చెప్పే ధైర్యం లేదు, సరేననే మనసూ లేదు. ఆలోచించి ఆలోచించి ఓ మెలిక పెట్టాడు.

"దారిలో పంక్చరైతే ఏం చేస్తావు? చక్రం నువ్వే విప్పి చూపించు. విప్పావా, వెళ్లు. నేను నోరెత్తను."

"మాట మీద నిలబడతారుగా?" అంటూ ఆవిడ అప్పటికప్పుడు పానా తీసుకుని బయటికి నడిచింది.

నట్లు ఎర్రగా తుప్పు పట్టి ఉన్నాయి. సముద్రపు గాలి తగిలే వీధి కదా, ఇనుము ఎక్కడున్నా వదలదు. ఆవిడ పానా తగిలించి లాగింది, నొక్కింది, చెప్పులు విడిచి పానా మీదికెక్కి నిలబడింది. నట్టు ఉలకలేదు, పలకలేదు. చివరికి ఎర్రబడ్డ అరచేతులు చూసుకుంటూ లోపలికి వెళ్లిపోయింది. ఆయన "సరేలే, చూద్దాం" అని ఊరుకున్నాడు. ఊరుకోవడమేమిటి, హాయిగా ఊపిరి పీల్చుకున్నాడు. ఎందుకంటే కిందటేడు ఆ నట్లకు గ్రీజు పూసి, పానా కాడకు ఇనుప పైపు తొడిగి బిగించింది ఆయనే. అవి ఆవిడ చేతికి రావని మెలిక పెట్టినప్పుడే ఆయనకు తెలుసు.

ఆవిడ పోట్లాడితే బాగుండేది. పోట్లాడలేదు. మర్నాడు, కొత్త ఉద్యోగానికని కుట్టుకున్న చేతిసంచి ఒళ్లో పెట్టుకుని, అందులోంచి కత్తెర, సుద్ద, టేపు ఒక్కొక్కటే తీసి సొరుగులో సర్దుకుంది.

"రాలేనని వాళ్లకి చెప్పేస్తాను. మీరన్నదే నిజం. నా చేతుల్లో బలం లేదు."

నాలుగు మడతల కాన్వాసు గుడ్డను ఒక్క ఊపులో కత్తిరించే చేతులవి. వాటిని చూసుకుంటూ ఆవిడ ఆ మాట అంది. ఆవిడ ఓడింది కొండ దారి చేతిలో కాదు, కారు చేతిలోనూ కాదు, మొగుడి చేతిలో. ఆ సంగతి ఆవిడకు తెలియదు. ఆయన వీధిలోకి వెళ్లి బావమరిదికి ఫోను చేశాడు.

"తుప్పు వదిలించే నూనె చల్లి ఓ పూట వదిలెయ్యి బావా," అన్నాడు బావమరిది. "శుభ్రం చేశాక గ్రీజు మాత్రం ముట్టుకోకు."

"గ్రీజు లేకపోతే మళ్లీ తుప్పు పట్టదూ?"

"ఇవి నీళ్ల పైపులు కావు బావా! మరలు జిడ్డుగా ఉంటే ఎంత బిగించావో తెలియదు, లోపలి బోల్టు సాగిపోతుంది. మరలు పొడిగా ఉండాలి. బిగించాక నట్టు పైన పల్చగా మైనం రాసి, ప్లాస్టిక్ టోపీ పెట్టు, చాలు. ఎంత బిగువు కావాలో అంకె సరిచేసి నా కొలత పానా పంపిస్తాను. బిగువు సరిపోగానే టక్కుమంటుంది. అనగానే ఆగాలి. వింటున్నావా?"

"వింటున్నాను. నాకేం చెవుడు లేదు."

"నా భయం నీ చెవి గురించి కాదు, నీ చెయ్యి గురించి."

రాత్రే నట్లకు నూనె చల్లి ఉంచి, శనివారం పొద్దున్నే ఆయన చక్రాలకు ఇటుకలు అడ్డంపెట్టి మొదటి నట్టు పట్టాడు. పైపు తొడిగి లాగినా తలప్రాణం తోకకొచ్చింది. ఇన్నాళ్లూ నలుగురికీ ఎదురైన బిగింపు ఆ రోజు ఆయనకే ఎదురైంది. ఎలాగో నట్లన్నీ కదిలించి, జాకీ ఎత్తి, చక్రం దించి, నట్లను కిరసనాయిలు గిన్నెలో వేసి చెమట తుడుచుకుంటూ ఉంటే గుమ్మంలో ఆవిడ నిలబడి ఉంది. నోట్లో సూదులున్నాయి.

"ఇవి ఉత్త తుప్పుతో బిగుసుకోలేదు," అన్నాడాయన గిన్నెలోకి చూస్తూ. "పైపు తొడిగి నేనే బిగించాను. నువ్వు విప్పలేవని నాకు ముందే తెలుసు."

ఆవిడ ఒక్కో సూదీ తీసి జాకెట్టు భుజానికి గుచ్చుకుంది.

"తెలిసే ఆ మెలిక పెట్టారా?"

"తెలిసే."

"మరి ఇప్పుడెందుకు చెబుతున్నారు?"

"నీ చేతుల్లో బలం లేదన్నావు. అది అబద్ధం. నా వల్ల పుట్టిన అబద్ధం. వినలేకపోయాను."

"జరగండి," అంది ఆవిడ. ఆయన చేతిలోని తీగ బ్రష్షు లాక్కుని పీట మీద కూర్చుంది. ఆయన బోల్టుల తుప్పు గీకుతుంటే, ఆవిడ పాత పళ్ల బ్రష్షుతో నట్ల లోపలి మరలు తోమి, సబ్బు నీళ్లతో కడిగి, తుడిచి, ఎండలో పాత దుప్పటి మీద బొత్తాల్లా వరసగా ఆరబెట్టింది. పని మాత్రం కలిసే చేసింది. నాలుగో చక్రం దాకా ఆయనతో మాట్లాడితే ఒట్టు.

నట్లను ముందు వేళ్లతోనే ఎక్కించింది. తరువాత ఒకదాని పక్కది కాకుండా ఎదురుదాన్ని బిగిస్తూ వచ్చింది. ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. కాలరు అతికేటప్పుడు గుడ్డ ఒక పక్కకు లాగకుండా ఎదురెదురుగా సూదులు గుచ్చే మనిషికి అది కొత్తేమీ కాదు. జాకీ దించాక కొలత పానా తగిలించి నొక్కింది. టక్కుమంది. ఆయన చెయ్యి దానంతటదే ముందుకెళ్లింది, ఆ అర చుట్టు కోసం.

"ఏమండీ."

ఆయన చెయ్యి వెనక్కి తీసుకుని జేబులో పెట్టుకున్నాడు. ఆవిడ కారులో ఉండే మామూలు పానా అదే నట్టుకు తగిలించి, రెండు చేతులా ఒక్క నొక్కు నొక్కింది. నట్టు కదిలింది. మళ్లీ కొలత పానాతో టక్కుమనేదాకా బిగించి, మైనం రాసి, టోపీ పెట్టి లేచింది. ఆవిడ కళ్లు మెరిశాయి.

సోమవారం వెళ్లింది. ఆయనకు ఆ రోజు కాలు నిలవలేదు. వీధి చివరి దాకా నాలుగుసార్లు తిరిగొచ్చి, ఏం తోచక వంటింట్లో దూరి, మధ్యాహ్నమంతా అక్కడే ఏదో సర్దుతూ గడిపాడు. సాయంత్రం కారు క్షేమంగా వచ్చి ఇంటి ముందు ఆగింది. పంక్చరు కాలేదట. నట్ల జోలికే వెళ్లాల్సిన పని పడలేదట. అంత కష్టపడ్డందుకు ఆయనకు లోలోపల కాస్త నిరాశగానే ఉంది.

ఆవిడ సంచి కొక్కేనికి తగిలించి, టీ పెట్టడానికి వంటింట్లోకి వెళ్లింది. కాసేపటికి పిలుపు వినబడింది.

"ఏమండీ!"

ఆయన అలవాటుగా చేతులు తుడుచుకుంటూ వెళ్లాడు. ఆవిడ ఒక చేతిలో చక్కెర సీసా, మరో చేతిలో దాని మూత పట్టుకుని నిలబడి ఉంది.

"ఇదేమిటి, ఇట్టే వచ్చేసింది? మూత సరిగ్గా పెట్టలేదా? చీమలు పట్టవూ?"

"పట్టవు. గట్టిగానే పెట్టాను," అన్నాడాయన. "నీ చేతికి సరిపడా."

ఆవిడ మూత పెట్టి, మళ్లీ తీసి, మళ్లీ పెట్టింది.