మైనం పూసిన యుద్ధనౌక

ఉదయం పదకొండూ పదికి మామ రెండో టీ తెప్పించాడు. రోజూ తెప్పించేదే. ఆ రోజుల్లో, అంటే తొంభైల చివర్లో, కోవిల్‌పట్టిలో మామ నడిపే రిపేరు కొట్టుకి తీగ ఉన్న ప్రతి వస్తువూ వచ్చేది. రేడియోలు, టీవీలు, మిక్సీలు, ఒకసారి పెళ్ళిమండపం గుమ్మానికి కట్టే రంగు బల్బుల దండ. పాడైనదాన్ని పారేయడం ఎవరికీ తెలియదు. పాడైందంటే బాగుచేసేవాడు ఇంకా దొరకలేదని అర్థం. నేను డిప్లొమా ముగించి, ఉద్యోగం వచ్చేదాకా అని చెప్పి అక్కడ చేరాను. పుస్తకాలు చదివేవాణ్ణి కనుక నాకు అన్నీ తెలుసని మామ నమ్మేవాడు. అంతకంటే గట్టిగా నేను నమ్మేవాణ్ణి. (ఇంట్లో తెలుగు, బడిలో అరవం మాది. ఈ తెలుగు అక్షరాలు నేను ముప్పై దాటాక నేర్చుకున్నవి. అన్నీ తెలిసినవాడికి అప్పటికి సొంత భాష చదవడం రాదు.)

టీ సగంలో ఉండగా విరుదునగర్ బస్సు దిగి నేవీ తాత వచ్చాడు. మామకి పెదనాయన అవుతాడు. వెనక ఒక మనిషి నెత్తిమీద ఇనప పెట్టె. తాత పెట్టె దింపించి, పాత పంచె మడతలు తీశాడు. లోపల మూడున్నర అడుగుల యుద్ధనౌక. బూడిద రంగు, ఫిరంగులు, పొగగొట్టం, అన్నీ ఉన్నాయి. పక్కనే పొడుగాటి ఏరియల్‌తో ఒక డబ్బా, దాని మీద ఒకే ఒక్క బటన్. మామ టీ గ్లాసు గాలిలోనే ఉండిపోయింది. తాత పద్దెనిమిదేళ్ళు నేవీలో ఫిరంగి పేల్చాడని మా చుట్టాలందరికీ తెలుసు. ప్రతి పెళ్ళిలోనూ మొదటి పంక్తిలో మొదలుపెట్టి రెండో పంక్తి లేచేదాకా పేల్చేవాడు. తను పనిచేసిన ఓడ బొమ్మ ఇంట్లో ఉందని కూడా చెప్పేవాడు. అది నిజంగా ఉంటుందని మాత్రం మాలో ఎవరమూ అనుకోలేదు.

"ఏమ్రా అబ్బోడా, ఈ కప్పల్ పోతాదా?" అన్నాడు. మా ఇళ్ళలో ఓడ అనే మాట లేదు, కప్పలే.

"యాడికి తాతా?"

"యాడికంటాడు చూడు, టికెట్ కొట్టేవోడు మాదిరి. నీళ్ళల్లో పోతాదా అని అడగతా ఉండా." తర్వాత మామ వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "ఒక కన్ను అయిపోయె. ఇంకోదానికి పై వారం మదురైలో ఆపరేషన్. బాగయితే సరి. కాకపోతే? ఇన్నేండ్లు పెట్టెలోనే పెట్టినా. ఒక్కసారన్నా అది పోయేది చూడల్ల."

మామ సరే అన్నాడు. చేతిలో తొమ్మిది రోజులున్నాయి.

ఓడ ఏదో తెలిస్తే విడిభాగాలు ఎలా ఉండాలో తెలుస్తుందని నేను మునిసిపల్ లైబ్రరీకి వెళ్ళాను. ముందొక గోపురం, వెనకొక గోపురం, ఒక్కొక్క దానికి మూడేసి ఫిరంగి గొట్టాలు. అలాంటి ఓడలు ఎక్కువ లేవు. రెండో రోజు ఇంగ్లీషు విజ్ఞాన సర్వస్వంలో బొమ్మ దొరికింది. గొట్టాలు లెక్కపెట్టాను. మళ్ళీ లెక్కపెట్టాను. అది మన ఓడ కాదు, జర్మనీ వాళ్ళది. పైగా అది సముద్రం అడుగుకి పోయేనాటికి తాత, ఆయనే చెప్పిన లెక్క ప్రకారం, నరికుడి ఊరి దగ్గర మేకలు కాసుకుంటున్న పిల్లవాడు. పరిగెత్తుకుంటూ కొట్టుకి వచ్చి చెప్పాను.

మామ మోటారు బ్రష్షులు రుద్దుతూ తల ఎత్తలేదు. "ట్రాన్స్‌ఫర్ అయి ఉంటాడులే."

"మునిగిన కప్పల్‌కా మామా?"

"ఒరే, ఆయన కండ్లు పోయేలోపల ఇది పోవల్ల. ఎవుడిది అనేది అప్పరం చూసుకుందాం. నోరు మూసుకొని పని చూడు."

మూసుకున్నాను. కానీ అబద్ధం ఒకటి పట్టుకున్న ఇరవై ఒక్క ఏళ్ళవాడు నోరు మూసుకున్నా మొహం మూసుకోలేడు. ఆ వారమంతా నాకు తెలుసు అన్నట్టు తిరిగాను.

పని మాత్రం బాగానే సాగింది. లోపలి బ్యాటరీలు పచ్చని పొడిగా మారిపోయి ఉన్నాయి. వాటి చోట బైకు బ్యాటరీ పెట్టాం. చుక్కానిని తిప్పేది మెలితిప్పిన రబ్బరు. అది చెయ్యి తగిలితే రాలిపోయింది. సైకిల్ ట్యూబు సన్నగా కోసి కట్టాం. బటన్ ఒకసారి నొక్కితే ఎడమకి, రెండుసార్లు నొక్కితే కుడికి. వేగం తగ్గించాలంటే కరెంటుని తిప్పి పంపడానికి లోపల ఒక తీగచుట్ట ఉండేది, అది ఎప్పుడో కాలిపోయింది. మామ దాని బదులు కరెంటు స్టవ్ కాయిల్ లోంచి ఒక ముక్క కోసి బిగించాడు. ఆ పని మామది. పై అంతస్తు చెక్క పని నాది. పాత చెక్కని చెదలు తినేశాయి. కోవిల్‌పట్టి అంటేనే అగ్గిపెట్టెల ఊరు. అత్త ఇంటి దగ్గరే అగ్గిపుల్లలు చట్రాల్లో అమర్చే పని చేసేది. మందు పెట్టని పుల్లలు ఇంట్లో ఎప్పుడూ బస్తాల్లో ఉండేవి. వాటిని పక్కపక్కనే అంటిస్తే అచ్చం ఓడ పలకల్లా కనిపించాయి. చూసి నేనే మురిసిపోయాను.

"నీళ్ళు తగిల్తే ఉబ్బిపోతాది అబ్బోడా," అంది అత్త. "మందు పెట్టే ముందు పుల్ల కొనకి మైనం పట్టిస్తారు కదా. నువ్వు పొడుగునా పట్టించు. చుక్క నీళ్ళు దిగదు."

మైనం కరిగించి మూడు పూతలు పూశాను. పుల్లకి మైనం ఎందుకు పట్టిస్తారో ఆ ఊళ్ళో చంటిపిల్లకి కూడా తెలుసు, గబుక్కున అంటుకోవడానికి. ముగ్గురం అదే పని మీద బతుకుతున్న ఊరివాళ్ళం, ఒకే ఇంట్లో తింటున్నాం. అయినా మామ కాయిల్ సంగతి నాకు గుర్తు రాలేదు, నా మైనం సంగతి మామకి గుర్తు రాలేదు.

ఇక తేలించి చూడాలి. కుళాయి పదిరోజులకొకసారి వచ్చే ఊళ్ళో యుద్ధనౌక తేలేంత నీళ్ళు ఉన్నది ఒక్క అత్త సిమెంటు తొట్టిలోనే. ఆమె లేనప్పుడు దించాం. ఓడ తేలింది, ఒక్క క్షణం ఝామ్మని పోయి అవతలి గోడని ఢీకొంది. వెనక నుంచి కేక వినబడింది.

"తాగే నీళ్ళల్లో సండ కప్పలా! పది దినాలకి పట్టి పెట్టింది! ఇద్దురూ ఈ పొద్దు నించి జర్మనీకే పోయి తాగండి!"

(సండ అంటే యుద్ధం. జర్మనీ సంగతి ఆమెకి చెప్పింది నేనే. నోరు మూసుకోవడమంటే నా లెక్కలో అత్తకి తప్ప ఎవరికీ చెప్పకపోవడం.)

ఆపరేషన్‌కి మూడు రోజుల ముందు, ఆదివారం ఉదయం, విరుదునగర్ బయట వాననీళ్ళు నిండిన చెరువు దగ్గరికి అందరం వెళ్ళాం. బట్టలుతికేవాళ్ళు ఉతకడం ఆపి చూశారు. తాత ఇస్త్రీ చొక్కా వేసుకుని గట్టు మీద కుర్చీలో కూర్చున్నాడు. మామ ఓడని నీళ్ళలో వదిలాడు. డబ్బా నా చేతిలో ఉంది. ఓడ దూసుకుపోయింది.

"మెల్లగా పోనీరా," అన్నాడు తాత. "నా కన్ను దాన్ని అందుకోవల్ల కదా."

నేను దాన్ని తిప్పి గట్టుకి తెస్తే మామ వేగం తగ్గించి మళ్ళీ వదిలాడు. ఇప్పుడు నెమ్మదిగా, దర్జాగా పోయింది. తాత తల దానితోపాటు తిరుగుతూ ఉంది. కాసేపటికి పొగగొట్టం నుంచి సన్నగా పొగ లేచింది. ఉతికేవాళ్ళు చప్పట్లు కొట్టారు. మామ నా వైపు మెచ్చుకోలుగా చూశాడు. "పొగ కూడా పెట్టినావా? చెప్పనే లేదే!"

"నువ్వు పెట్టినావనుకున్నా మామా."

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఆ చూపు నాకు ఇప్పటికీ జ్ఞాపకం. కాయిల్, మైనం ఆ చూపులోనే మొదటిసారి కలుసుకున్నాయి. అంతలో ఓడ భగ్గుమంది. ఆ నిమిషంలో నేను చేసిన పని బటన్ నొక్కుతూ ఉండటం. ఎడమకి, కుడికి, మళ్ళీ ఎడమకి. నా అగ్గిపుల్లల పలకలు వరసగా అంటుకుంటూ, యుద్ధనౌక చెరువులో ముగ్గు వేసింది. మామ పంచె ఎగగట్టి రొమ్ములోతు నీళ్ళలోకి దిగి రెండు చేతులతో నీళ్ళు ఎత్తాడు.

"నీళ్ళు పొయ్యొద్దు!" గట్టు మీద నుంచి ఒక గొంతు. తాతదే, కానీ అలాంటి గొంతు మేమెప్పుడూ వినలేదు. ఆయన లేచి నిలబడి గాలి వాసన చూస్తున్నాడు. "మైనం మంట అది, నీళ్ళు పోస్తే చిమ్ముతాది! తుండుగుడ్డ తడిపి పైన కప్పు! కప్పి అట్లే పట్టుకో! ఎత్తి చూడొద్దు!"

మామ అలాగే చేశాడు. మంట ఆరింది. మాడిన ఓడని గట్టుకి తెచ్చి పెట్టాం. మామ కళ్ళలో నీళ్ళున్నాయి. చివరికి అత్తే అడిగింది. "మామా, ఫిరంగి కాల్చేవోళ్ళకి ఇదీ నేర్పిస్తారా?"

తాత చాలాసేపు ఓడని చేత్తో తడిమాడు.

"ఫిరంగి నేనేడ కాల్చినాను తల్లీ. పద్దెనిమిదేండ్లు వంట చేసినా. అంత కప్పల్లో ఒక్కనాడన్నా నా పొయ్యి దాటి మంట లేవలే. మీరు అగ్గిపుల్లలు పరచి మైనం పూసి పంపినారు. భలే!"

మాకు ఓడ అంటుకున్నప్పుడు కూడా అంత దిగ్భ్రాంతి కలగలేదు. నా నోరు ఆగలేదు. "తాతా, ఇది జర్మనీ కప్పల్."

"తెలుసులేరా. మా ఆఫీసరు చిన్నప్పుడు దొరల సీమలో ఆడుకున్నది. నా చారు తాగి తాగి, పోయేటప్పుడు ఇచ్చినాడు." మాడిన పొగగొట్టాన్ని వేలితో తుడిచాడు. "పిల్లనడగను పోయినప్పుడు మీ అవ్వ నాయన అడిగినాడు, నేవీలో ఏం పని అని. వంట అంటే ఇస్తాడా? ఫిరంగి అంటిని. అప్పరం మార్చను కాలే. నలభై ఏండ్లు ఇంట్లో గరిటె ముట్టలే నేను. ముట్టితే చెయ్యి చెప్పేస్తాది కదా."

అవ్వ అంతకు ముందు ఏడాదే పోయింది. ఆమెకి ఒక్కసారి కూడా వండి పెట్టలేదని ఆయన అనలేదు. మేం లెక్క వేసుకున్నాం. వారమంతా ఆయన అబద్ధాన్ని జేబులో పెట్టుకుని తిరిగిన నాకు ఎటు చూడాలో తెలియలేదు.

"పోయేది చూసినావా పెదనాయనా?" అన్నాడు మామ.

"చూసినా. మెల్లగా పోయె. మంట ఇంకా బాగా అగుపడె."

ఆపరేషన్ బాగానే జరిగింది. తర్వాతి పెళ్ళిలో తాత పంక్తిలో కూర్చోలేదు, నేరుగా వంటపందిరిలోకి వెళ్ళి నిలబడ్డాడు. అప్పటినుంచి మా చుట్టాల్లో ఏ పెళ్ళైనా ఆయన సాంబారు అరచేతిలో పోసుకుని, నాలుకకి తగిలించి, తల ఊపాకే ఆకులు వేసేవాళ్ళు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. మామ కూడా పోయాడు. మాడిన ఓడ నా దగ్గరే ఉంది. పలకలు మళ్ళీ వేయలేదు. ఫిరంగి గొట్టాలు రెండుసార్లు లెక్కపెట్టిన ఆ అబ్బాయి గుర్తొస్తే నవ్వొస్తుంది. ఆ ఓడ ఎవరిదో వాడు సరిగ్గానే కనుక్కున్నాడు, పాపం.

ఇప్పుడు మా పెళ్ళిళ్ళలో ఉప్పు చూడమని ఎవరినీ పిలవరు.