పదిలో రెండు

జూలో చింపాంజీల కీపరుకి సగం అంటే సగమే. ఇంట్లో అరటిపండు విరిచినా కొలిచినట్టు విరుస్తాడు. ఇరవై రెండేళ్ల సర్వీసులో ఎవరి వాటా తినలేదు, తన వాటా వదల్లేదు.

ఆ నెల ఒక పరిశోధకురాలు వచ్చింది. ఆమె పరీక్ష చిన్నదే. బోనుకు అటు కుర్ర చింపాంజీ, ఇటు ముసలిది. పది ద్రాక్షపళ్లను ఎలా పంచాలో కుర్రది ఎంచుకుంటుంది. ముసలిది తాడు లాగితేనే రెండింటికీ అందుతాయి, లేకపోతే దేనికీ అందవు. కుర్రది ఎప్పుడూ ఎనిమిది తనకే ఉంచుకునేది. ముసలిది ప్రతిసారీ తాడు లాగి, తన రెండూ నోట్లో వేసుకునేది. అవతలి పళ్లెం వంక చూసేదే కాదు.

"సిగ్గులేదే నీకు! నేనైతే ఆ తాడు తెంపి పారేద్దును," అన్నాడు కీపరు.

"మనుషులు చాలామంది అలాగే చేస్తారండీ," అంది ఆమె రాసుకుంటూ.

ఆ వారమే సెలవుల కాగితం వచ్చింది. ఇద్దరు కీపర్లకీ కలిపి పది రోజులు. సీనియరు పంచుతాడు, రెండోవాడు సంతకం పెడతాడు. పెట్టకపోతే ఇద్దరివీ రద్దు. తగవులు తీర్చే ఓపిక సూపరింటెండెంటుకి లేదు. అందరూ మీసాలాయన అని పిలిచే సీనియరు తనకి ఎనిమిది రాసుకున్నాడు.

"రెండా? ముష్టి వేస్తున్నావా అన్నా?"

"ఇల్లు కడుతున్నా కదా తమ్ముడూ, స్లాబు పని. వచ్చే ఏడు ఎనిమిదీ నీకే."

"పోయినేడూ ఇదే పాట పాడావు."

"గుడ్డికన్నా మెల్ల నయం కదా," అంది ఇంట్లో భార్య. "అత్తయ్యకి బాగాలేదని మీ చెల్లెలు రెండుసార్లు ఫోను చేసింది. చూసి రండి."

వెళ్లి రావడానికి రెండు రోజులు చాలు. అతనికీ తెలుసు. అయినా మర్నాడు సంతకం పెట్టకుండా కాగితం తిప్పి ఇచ్చాడు. మీసాలాయన ముఖం మాడిపోవడం చూసి, ఆ పూటంతా ఈల వేసుకుంటూ బోన్లు కడిగాడు.

తొమ్మిదో రోజున అమ్మ పోయింది. చావుకి మూడు రోజుల సెలవు ఎవరి సంతకమూ లేకుండానే ఇచ్చారు. "ఇక్కడ నేను చూసుకుంటాలే తమ్ముడూ, నువ్వు బయల్దేరు," అన్నాడు మీసాలాయన. తిట్టినా బాగుండేదనిపించింది.

చెల్లెలు గుమ్మంలోనే పట్టుకుని ఏడ్చింది. "తలుపు చప్పుడైతే చాలు, నువ్వేనా అని అడిగేది అన్నయ్యా. ఒక్కరోజు కూడా ఇవ్వలేదా మీ వాళ్లు?"

చెప్పులు విప్పడానికి అతనికి చాలాసేపు పట్టింది.

"ఇవ్వలేదమ్మా," అన్నాడు.

"వాళ్లకి మాత్రం తల్లులు లేరా?" అంది చెల్లెలు.