ఐదుకు నాలుగు

నాచారంలోని ఒక ప్రైవేటు దవాఖానా నుంచి నా భార్య డిశ్చార్జి అయిన రోజు, ఆమెను చూసుకున్న నర్సు నా ముందు ఫోను పెట్టింది. ఈ నర్సు తన వృత్తికి ఎంత తగినదో ఐదు నక్షత్రాల్లో చెప్పాలట.

“సార్, జర అయిదు ఇయ్యుండ్రి.”

యోగ్యతను అడిగి పుచ్చుకుంటారా? ఆమె పనిలో నాకు లోపమేదీ కనబడలేదు. అయినా ఐదంటే పరిపూర్ణత అని, పరిపూర్ణత దేవుడిలాగే కల్పన అని ఉపన్యాసమిచ్చి నాలుగు నొక్కాను.

“దేవునికి కొబ్బరికాయ కొట్టరు, మనిషికి అయిదియ్యరు. మీ చెయ్యి దేనికి లేస్తది?” అంది నా భార్య.

నర్సు నవ్వలేదు. “నాలుగొస్తే పర్మనెంట్ చెయ్యరు సార్. మల్ల ఏడాది ఆగాలె.”

మార్చమన్నాను. పంపాక మారదంది. పరుగున మేనేజరు దగ్గరికి వెళ్లి, ఈ కొలతే తప్పని వాదించాను.

“నొక్కింది మీ వేలే కద సార్?” అన్నాడు.

నాస్తిక సభల్లో ఎవరికీ లొంగని నేను ఆ వేలిని జేబులో దాచుకుని వెనుదిరిగాను.

బయటికొచ్చేసరికి నర్సు నా భార్యను ఉప్పల్ ఆటోలో కూర్చోబెట్టి, చీర అంచు చక్రంలో పడకుండా సర్దుతోంది.

“పైలం అమ్మా, జాగర్తగ పోండ్రి,” అంది. నన్ను చూసి, “పైలం సార్,” అని కూడా అంది.

తిట్టి ఉంటే తలెత్తి ఏదో ఒకటి చెప్పేవాణ్ణి.