గొంగడోళ్ల హాజరు

శంకరమ్మ సంగతి చెప్పాలంటే ముందు నా బద్ధకం సంగతి చెప్పుకోవాలి. ఆ బద్ధకం కొంచెంలో ఆమె కొంప ముంచేది. నేను అప్పుడు మేడ్చల్ నుంచి శామీర్‌పేటకు పోయే దారిలో ఉన్న ఒక పంచాయతీలో బిల్ కలెక్టర్‌ని. పేరు భానుప్రకాశ్. ఇంటి పన్ను, నల్లా పన్ను వసూలు చేయడం నా పని. నా చేతిరాత బాగుంటుందని సర్పంచ్ వీరేందర్ ఒకసారి నలుగురిలో అన్నాడు. మెచ్చుకుంటే పడిపోయే రకాన్ని నేను. ఆ రోజు నుంచి పంచాయతీలో ప్రతి కాగితమూ నా నెత్తినే పడింది.

శంకరమ్మ మా ఊరి సఫాయి మనిషి. తెల్లారకముందే బస్‌స్టాప్ దగ్గర మొదలుపెట్టి పంచాయతీ ఆఫీసు దాకా ఊడ్చుకుంటూ వచ్చేది. చీపురు చప్పుడు కన్నా ముందు ఆమె గొంతు వినపడేది. రోడ్డు మీద ఉమ్మినవాణ్ణి వాడి తాత పేరుతో సహా తిట్టగలదు. నవ్వు వస్తే మాత్రం పని సాగదు. చీపురు పక్కన పెట్టి, అరుగు మీద కూర్చుని, నవ్వు మొత్తం పూర్తి చేసుకుని లేచేది. భర్త పోయి చాలా ఏళ్లయింది. పిల్లలు లేరు. వాళ్ల ఇంటి పేరు గొంగడి. ఒకప్పుడు ఆ ఇంట్లో గొర్లుండేవి, మగ్గం ఉండేది, ఊరంతా వాళ్లు నేసిన గొంగళ్లే కప్పుకునేది. ఇప్పుడు పేరొక్కటే మిగిలింది.

తొంభై తొమ్మిదిలో మా చుట్టుపక్కల ద్రాక్షతోటలు ఒక్కొక్కటే ప్లాట్లు అయిపోతున్నాయి. తోటల్లో రేకుల కొట్టాలు వేసుకుని బతికిన కూలీలు రోడ్డున పడ్డారు. పొద్దంతా ఎక్కడో పని చేసుకుని, చీకటి పడితే బస్‌స్టాప్‌లో ముడుచుకునేవాళ్లు. పొద్దున్నే వాళ్లను లేపి ఊడవాల్సింది శంకరమ్మే. ఒకరోజు ఆమె ఊడవడం మానేసి, చీపురుతో సహా పంచాయతీ మీటింగులోకి వచ్చి నిలబడింది.

"సర్పంచ్ సాబ్, మనుషులను ఊడవమంటె నాతోని కాదు. పశువుల దవాఖాన పాత షెడ్డు ఖాళీగున్నది. తాళం ఇయ్యిండ్రి" అంది.

చీపురు చూసి భయపడ్డారో ఏమో, సభ్యులు ఒక్క మాటా ఎదురు చెప్పకుండా తీర్మానం చేశారు. దీపావళి నుంచి శివరాత్రి దాకా ఆ షెడ్డు ఇళ్లు లేనివాళ్లకు రాత్రి బస. పంచాయతీ తరఫున రెండు బల్బులు, ఒక నీళ్ల డ్రమ్ము, కట్టెలు, పడుకోవడానికి గోనె పట్టాలు. చూసుకునే బాధ్యత శంకరమ్మది. రాసే బాధ్యత ఎవరిదో చెప్పనక్కర్లేదు.

మొదటి సాయంత్రం తొమ్మిది మంది వచ్చారు. రిజిస్టరు తెరిచాను. ఇంటి పేరు, పేరు, తండ్రి లేక భర్త పేరు, వయసు అని గడులున్నాయి. ఏ గడీ ఖాళీగా ఉంచరాదని కింద చిన్న అక్షరాల్లో ఉంది. అందరిలోకీ పెద్దవాడు వెంకటనర్సయ్య. బౌరంపేట్ వైపు ఒక తోటలో పాతికేళ్లు ద్రాక్ష పందిళ్లు కట్టిన మనిషి. ఆయనతోనే మొదలుపెట్టాను.

"ఇంటి పేరు?"

ఆయన నన్ను కిందికీ మీదికీ చూశాడు. "ఇల్లు లేకనే గదా సారూ ఈడికొచ్చింది. ఇల్లే లేదంటె ఇంటి పేరు అడుగుతవేంది?"

అందరూ గొల్లుమన్నారు. నాకు ఒళ్లు మండింది. "పుట్టినప్పుడన్న ఉండె గదా!"

"ఉండె. పంపకాల్ల అన్నదమ్ములు అది గూడ వాళ్లే ఉంచుకున్నరు."

తర్వాత శివమ్మ. ఆకుకూరలు అమ్ముకునే మనిషి. "పుట్టినింటిదా, అత్తగారింటిదా సారూ? రెండిండ్లోళ్లూ రావద్దన్నరు. ఏది రాస్తవో నువ్వే రాయి" అంది.

కలం ఆగిపోయింది. ఆ మాట ఆమె నవ్వుతూనే అంది, కానీ నాకు చాలా సిగ్గనిపించింది. అప్పుడు వెనక నుంచి శంకరమ్మ, "నాది రాయి" అంది.

"ఏంది?"

"గొంగడి అని రాయి. అందరికీ."

"అట్ల రాయొద్దు శంకరమ్మా."

"ఎందుకొద్దు? ఖాళీ ఉంచొద్దన్నరు. ఎవలది నింపాల్నో అన్నరా?"

చిన్న అక్షరాలు మళ్లీ చదివాను. అనలేదు. రాశాను.

ఇక చూడండి తమాషా. వారం తిరగకముందే షెడ్డులో అందరూ అన్నలు, వదినలు, మామలు అయిపోయారు. నల్లా దగ్గర ఎవరో బిందె నెట్టేస్తే శివమ్మ నడుముకు కొంగు చుట్టి, "నేను ఎవల ఇంటి ఆడిబిడ్డననుకున్నవ్? గొంగడోళ్లం మేం!" అని అరిచింది. పరమేశ్ అనే రాళ్లు కొట్టే అతను శివమ్మ కూరలగంప దగ్గర ఊరికే తచ్చాడటం మొదలుపెడితే, "ఒకటే ఇంటి పేరురా, చెల్లెలు వరస అయితది" అని వెంకటనర్సయ్య గద్దించాడు. పరమేశ్ నా దగ్గరికి వచ్చి, "సారూ, నాకొక్కనికి వేరే ఇంటి పేరు రాస్తవా?" అని గుసగుసగా అడిగాడు. రాయనన్నాను. శివమ్మకు ఈ విషయమే తెలియదు. పాపం, ఆ నాలుగు రోజుల ప్రేమ రిజిస్టరులోనే సమాధి అయింది.

శంకరమ్మ మరిది బాలమల్లుకు మాత్రం ఇది సుతరామూ నచ్చలేదు. పంచాయతీ ముందుకొచ్చి రంకెలేశాడు. "వదినా, మా తాతల నాటి ఇంటి పేరు దారినపోయేటోళ్లకు పంచిపెడ్తవా?"

"పంచితె తక్కువైందా? నీది నీకున్నది గదా. పోయి సూస్కో" అంది శంకరమ్మ. తన మాటకు తనకే నవ్వొచ్చి అరుగు మీద కూర్చుంది. బాలమల్లు కాసేపు నిలబడి, ఆ నవ్వు ఇప్పట్లో అయ్యేలా లేదని వెళ్లిపోయాడు.

అలా మూడు చలికాలాలు గడిచాయి. తొమ్మిది మంది ముప్పై ఒక్క మంది అయ్యారు. రెండు వేల రెండులో అసలు కథ వచ్చింది. ఇలాంటి బసల్లో ఉండేవాళ్లకు మనిషికొక ఉన్ని గొంగడి ఇస్తామనీ, జాబితా పంపమనీ మండలాఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. షెడ్డులో పండగే అయింది. రంగు ఏదని ఒకరు, అంచు ఉంటుందా అని ఒకరు. నన్ను బజార్లో నడవనివ్వలేదు.

జాబితా రాయడానికి కూర్చున్నది మధ్యాహ్నం భోజనం వేళ. ఆకలి దంచేస్తోంది. ముందు పేర్లు వరసగా రాశాను. పక్కన ఇంటి పేరు రాయాలి. ముప్పై ఒక్కసార్లు గొంగడి, గొంగడి అని ఎవడు రాస్తాడు? పైన ఒక్కసారి గొంగడి అని రాసి, కింద ముప్పై చోట్ల అదే అన్న గుర్తుగా రెండేసి చిన్న గీతలు పెట్టాను. గడుల మీద శీర్షికలు రాయడం కూడా దండగనిపించింది. కాగితం మడిచి పంపించి, పప్పన్నం తిని పడుకున్నాను.

పది రోజులకు జవాబొచ్చింది. "మీ జాబితా ప్రకారం ముప్పై ఒక్కరికీ గొంగళ్లు ఇదివరకే ముట్టినవి. మా రికార్డులో ఇచ్చినట్టు లేదు. కావున సదరు గొంగళ్లను తనిఖీలో చూపవలెను. చూపనిచో బాధ్యురాలు శంకరమ్మను పనిలో నుంచి తొలగించి, బస మూసివేయవలెను."

శీర్షిక లేని గడిలో ఉన్న ఇంటి పేరును వాళ్లు ముట్టిన గొంగడి అనుకున్నారు. డిసెంబరు నెల. పొద్దున లేస్తే గడ్డి మీద మంచు తెల్లగా పేరుకుంటోంది. రెండు చిన్న గీతలు పెట్టిన పాపానికి ముప్పై ఒక్క మంది మళ్లీ బస్‌స్టాప్‌కు, శంకరమ్మ పని ఊడి ఇంటికి. నిజం చెప్పేస్తే నా నౌకరీ ఏమవుతుందోనని ఒక పూటంతా నోరు కుట్టేసుకున్నాను. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నన్ను నేను రెండు తగిలించుకోవాలనిపిస్తుంది. సాయంత్రం ఆగలేక షెడ్డుకు పోయి మొత్తం చెప్పేశాను. తిట్లకు సిద్ధపడి, తాతను కూడా తలుచుకున్నాను.

శంకరమ్మ ఉత్తరం రెండుసార్లు చదివించుకుంది. ముందు ముఖం నల్లబడింది. తర్వాత పెదవి అదిరింది. ఏడుస్తుందనుకున్నాను. ఆమె కూర్చుంది. అంటే నవ్వుకు కూర్చుంది.

"గొంగళ్లు సూపియ్యమన్నరు గదా?" అంది కళ్లు తుడుచుకుంటూ. "సూపిద్దాం. పరేషాన్ గాకు భానుసారూ, తప్పు నా మీదేసుకుంట."

"ఏం సూపిస్తవ్?" అన్నాను. ఆమె అప్పటికే అందరినీ దగ్గరికి పిలుస్తోంది.

తనిఖీకి మండలం నుంచి రోజారాణి మేడం వచ్చింది. కొత్త అధికారి, నవ్వదని పేరు. ఇంకా ఎవరూ పనికి పోలేదు, అందరూ షెడ్డు వెనక గోడ చాటున ఉన్నారు. మేడం కుర్చీలో కూర్చుని జాబితా తెరిచింది. నేను పక్కన నిలబడి చెమటలు కక్కుతున్నాను, ఆ చలిలో.

"శంకరమ్మా, ముప్పై ఒక్క గొంగళ్లు ఎక్కడున్నాయి?"

"ఉన్నయి మేడం. ఒక్కొక్కటే పిలుస్త, లెక్కవెట్టుకోండ్రి."

"పిలవడమేంటి?"

శంకరమ్మ గొంతెత్తింది. "గొంగడి వెంకటనర్సయ్యా!"

గోడ చాటు నుంచి ఆయన వచ్చి దండం పెట్టాడు. "ఉన్న మేడం."

"గొంగడి శివమ్మా!"

"ఈడనే ఉన్న."

"గొంగడి పరమేశూ!" అతను ఏకంగా సెల్యూట్ కొట్టాడు.

మేడం మొదటి ముగ్గురికీ అలవాటు చొప్పున టిక్కులు పెట్టింది. నాలుగో పేరు దగ్గర కలం ఆగింది. కాగితం చూసింది, పైన ఉన్న ఆ ఒక్క మాట చూసింది, కింద గీతలు చూసింది. తర్వాత నన్ను చూసింది. శంకరమ్మ తప్పు తన మీద వేసుకోవడానికి నోరు తెరుస్తోంది. ఆమె కన్నా ముందు నేనే అన్నాను. "ఆ గీతలు నావి మేడం. ఆకలైంది."

మేడం ముఖంలో ఏదో కదిలింది. నోటికి ఫైలు అడ్డం పెట్టుకుంది. ఫైలు ఊగింది. ఇంకేం, శంకరమ్మ నేల మీద కూలబడింది, అటు ముప్పై ఒక్క మంది, ఇటు సర్పంచ్, జీపు డ్రైవరుతో సహా అందరం కడుపులు పట్టుకున్నాం. పిలవకుండానే మిగతా గొంగళ్లు వచ్చి తమ పేర్లు తామే అరిచి లెక్క పూర్తి చేశాయి.

నవ్వు అయ్యాక మేడం కళ్లద్దాలు తుడుచుకుంది. "సరే. బస మూయను. రేపే గొంగళ్లు పంపిస్తాను. కానీ ఆ ఇంటి పేరు కొట్టేయండి. నా పైన ఆడిటువాళ్లున్నారు, వాళ్లు ఇలా నవ్వరు. గొంగడి వచ్చిందో, గొంగడి అని పేరుందో ఎవరికి అర్థమవుతుంది? ఉత్త పేరు చాలు."

శంకరమ్మ లేచి నిలబడింది.

వెంకటనర్సయ్య ముందుకొచ్చాడు. "మేడం, గొంగడి లేకుంటె కట్టెలు ముట్టిచ్చుకుంటం. పేరు తీసెయ్యకుండ్రి" అన్నాడు. శివమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. ఎవరూ గొంగడి అడగలేదు. అంత చలిలో ఒక్కరూ అడగలేదు.

జన్మలో ఒక్కసారైనా నా చేతిరాత పనికి రావాలి. "మేడం," అన్నాను, "గ మీద గుడి పెడితే? గొంగడి కాస్తా గొంగిడి అవుతుంది. అది కప్పుకునేది కాదు, ఇంటి పేరే. చాలామందికి ఉన్నది కూడా."

మేడం కాగితం మీద రాసి చూసుకుంది. "బాగానే ఉంది. కానీ రిజిస్టరులో దిద్దుబాటు బాధ్యురాలి చేత్తోనే ఉండాలి."

శంకరమ్మ ఎప్పుడో రాత్రి బడిలో అక్షరాలు నేర్చుకుంది, సంతకం పెట్టడానికే రెండు నిమిషాలు పట్టే మనిషి. రిజిస్టరు ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఒక్కో పేరూ పైకి చదువుతూ, గ తలకట్టును గుండ్రంగా చుట్టి గుడి చేస్తూ పోయింది. ఎవరి గుడి పెడుతుంటే వాళ్లు వచ్చి వంగి చూసుకున్నారు. పరమేశ్ తనది సన్నగా వచ్చిందని ఇంకోసారి దిద్దించుకున్నాడు. ముప్పై ఒకటీ అయ్యేసరికి ఎండ షెడ్డు లోపలికి వచ్చింది.

నేను రిజిస్టరు మూయబోయాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. పేజీ అడుగున, బాధ్యురాలు అన్నచోట గొంగడి శంకరమ్మ అని ఉంది.

"నీకక్కర్లేదు శంకరమ్మా" అన్నాను. "నీ నౌకరి కాయితాలన్నీ గొంగడి అనే ఉన్నయి. మార్చినవంటె మస్తు తిప్పల. మీ మరిది గూడ ఊకోడు."

"ఊకుంటె ఊకున్నడు, లేకుంటె లేదు" అంది. "మా ఇంటోళ్లందరిది ఒక తీరు, నాదొక్కదానిది ఇంకో తీరు ఉంటె, నేను ఎవలింటిదాన్ని సారూ?"

నవ్వుదామనుకున్నాను, చేత కాలేదు. ఆమె కలం గట్టిగా పట్టుకుని, నాలుక బయటపెట్టి, తన పేరు మీద ముప్పై రెండో గుడి పెట్టింది.