వంతెన దిగుడు

కుప్పుసామి సౌకార్‌పేటలో మూడు చక్రాల బండి తొక్కడం మొదలుపెట్టి ఇరవై ఆరేళ్లు. బట్టల బేళ్లు పురసవాక్కం కొట్లకు చేర్చాలంటే దారిలో రైలు వంతెన దాటాలి. ఎక్కేటప్పుడు కిందికి దిగి, హ్యాండిల్‌కు రొమ్ము ఆనించి నెట్టేవాడు. దిగేటప్పుడు బ్రేకు కొంచెం పట్టి, కొంచెం వదిలి, బండిని బుజ్జగిస్తూ దించేవాడు. ఎనిమిది బేళ్లు దాటితే దిగుడులో బండి మాట వినదని అతనికి తెలుసు.

ఆడి నెల తగ్గింపు అమ్మకాల తొందరలో గోడౌను మేనేజరు శివరామ్ పన్నెండు ఎక్కించాడు. బయట అప్పుడే తుంపర మొదలైంది.

“ఇప్పుడొద్దు సార్. తుంపరకి రోడ్డు మీది ఆయిలంతా పైకి తేలుంటాది. గట్టి వాన పడి కడిగినాక పోతాను,” అన్నాడు కుప్పుసామి.

శివరామ్ ఫోనులోంచి తలెత్తలేదు. “భయమైతే బండి ఈడ వదిలేసి ఇంటికి పో.”

బండి గోడౌనుది. కుప్పుసామి తొక్కాడు.

వంతెన దిగుతుండగా ముందు పోతున్న ఆటో ఉన్నట్టుండి ఆగింది. బ్రేకు బిగబట్టాడు. చక్రాలు తిరగడం మానేశాయి గానీ, వెనక బరువు తోస్తుంటే బండి తడి తారు మీద జారుతూనే ఉంది. హ్యాండిల్ తిప్పినా తిరగలేదు. ఆటో నిండా స్కూలు పిల్లలు. చక్రం రోడ్డును పట్టుకుంటే తప్ప బండి మలుపు తిరగదు. అతను బ్రేకు వదిలేసి హ్యాండిల్ వంతెన గోడవైపు తిప్పాడు. గోడకూ బండికీ మధ్య కుడికాలు ఇరుక్కుపోయింది.

జనం బేళ్లు దించబోయారు. వెనకే స్కూటరు మీద వచ్చిన శివరామ్, సరుకు తడి రోడ్డు మీద పెట్టొద్దని అడ్డుపడ్డాడు. ఎవరో తిట్టారు. అయినా బేళ్లు ఎక్కించుకునే వ్యాను వచ్చేదాకా ఆ బరువంతా కుప్పుసామి మోకాలి మీదే ఉంది.

ఆసుపత్రిలో ఆ కాలు తీసేశారు. మర్నాడు పోలీసాయన వచ్చి బ్రేకు ఎందుకు పట్టలేదని అడిగాడు.

“పట్టినాను సార్. చక్రం నిలిచింది. బండి నిలవలా.”

పోలీసాయన పక్కనే ఉన్న శివరామ్ వైపు చూసి నవ్వాడు. బ్రేకు పట్టనందువల్ల అని రాసుకుని, కుప్పుసామి వేలిముద్ర వేయించుకున్నాడు.

వాళ్లు వెళ్లాక భార్య మునియక్క మంచం దగ్గరికి జరిగి, గొంతు తగ్గించి అడిగింది. “నాతోనన్నా నిజం చెప్పు. తాగినావా?”

కుప్పుసామి గోడవైపు తిరగబోయాడు. నడుము కదిలింది గానీ ఒళ్లు తిరగలేదు. మునియక్కే భుజం పట్టి తిప్పింది.