మామ పెట్టించిన అతుకులు

ఆ రోజుల్లో అమీర్‌పేటలో నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చినవాడికి పెళ్లిలో ముందు వరుస, తగాదాలో చివరి మాట దక్కేవి. ఆ ముక్కలకు అర్థం తెలుసా అని అడిగేంత మొరటుదనం ఎవరికీ ఉండేది కాదు. మా మేనమామ ఆ మర్యాద మీదే పంజాగుట్టలో రోడ్లు వేయించే ఒక ఆఫీసుకు పెద్ద గుమాస్తా అయ్యాడు. మాటకు ముందొకటి, వెనకొకటి ‘మోరోవర్’ తగిలించేవాడు కనుక ఊరందరికీ మోరోవర్ మామే. మెట్రిక్ ఎలాగో గట్టెక్కిన నన్ను కూడా ఆ ఆఫీసులోనే కుదిర్చాడు.

అక్కడి దొర మనిషిని నిలబెట్టి, ఎండిపోయేదాకా తిట్టేవాడు. ఆయనకు ఔరంగాబాదు బదిలీ అయ్యేసరికి అందరూ లోలోపల పండుగ చేసుకుని, పైకి మాత్రం వీడ్కోలు సభ పెట్టారు. ఇంగ్లీషులో ఉపన్యాసం రాసి చదివే పని నా నెత్తిన పడింది. రాసి మామకు చూపించాను: ‘దొరగారు కష్టపడ్డారు. ఆఫీసు బాగుపడింది. దొరగారు వెళ్లిపోతున్నారు. దేవుడు దయగలవాడు.’ (ఆ చివరి వాక్యం చర్చి అలవాటు, అది లేకుండా మా ఇంట్లో చాకలిపద్దు కూడా ముగిసేది కాదు.)

మామ మొహం చిట్లించాడు. “గిదేంది రా, తెగిన దండ పూసల లెక్క పడ్డయి. జర అతుకులు పెట్టు.”

“ఏ అతుకు యాడ పెట్టాలె మామా?”

“పొడుగున్నది యాడ పెట్టినా శోభనే.”

పెట్టాను. సభలో గొంతు సవరించుకుని చదివాను. దొరగారు కష్టపడ్డారు, ‘నెవర్‌దిలెస్’ ఆఫీసు బాగుపడింది. అంటే, ఆయన కష్టపడినా సరే బాగుపడిందని. దొరగారు వెళ్లిపోతున్నారు, ‘బికాజ్’ దేవుడు దయగలవాడు. అంటే, దేవుడి దయ వల్లే పీడ వదులుతోందని. ఇంగ్లీషు రానివాళ్లు ప్రతి అతుకుకూ చప్పట్లు కొట్టారు. మద్రాసు నుంచి వచ్చిన డ్రాఫ్ట్స్‌మన్ ఒక్కడే రుమాలులో మొహం దాచుకున్నాడు.

దొర మెల్లగా లేచి, ఇది ఎవరి పని అని ఉర్దూలో అడిగాడు. బహుమానం నా పాలవుతుందేమోనని మామ నన్ను పక్కకు నెట్టి ముందుకొచ్చాడు. “రాసింది మా పిల్లగాడే హుజూర్, గని అతుకులన్ని నావే.”

“ఇన్నేళ్లలో నా మొహం మీద నిజం చెప్పింది నువ్వొక్కడివే. నాతో ఔరంగాబాదు రా,” అన్నాడు దొర.

మామ మెడలో దండతో ఇంటికొచ్చాడు. అత్త ఆ దండను ఎగాదిగా చూసింది. “మెచ్చినోళ్లు శాలువ కప్పుతరు గని, గంత దూరం తోలుతరా?”

మర్నాడు డ్రాఫ్ట్స్‌మన్ నన్ను పక్కకు పిలిచాడు. “మీరు నిన్న చదివిందేంటో మీకు తెలుసాండీ?” అంటూ వాక్యం వాక్యం విప్పి చెప్పాడు. అప్పటికి మామ ట్రంకుపెట్టె సర్దుకుంటున్నాడు. ఆయనకు చెప్పే ధైర్యం నాకు లేకపోయింది.

తర్వాత ఏ అతుకు ఎక్కడ పెట్టాలో శ్రద్ధగా నేర్చుకున్నాను. ఆ చదువుతో ముప్పయ్యేళ్లు ఉద్యోగం చేశాను, ఏ అధికారికీ కోపం తెప్పించకుండా, ఒక్క నిజమూ చెప్పకుండా. తలకు నూనె దట్టించుకుని, చప్పట్లన్నీ తన ఇంగ్లీషుకే అనుకుని ఛాతీ విరుచుకున్న ఆ కుర్రాడు ఇప్పటికీ కళ్లముందు మెదులుతుంటాడు. వాడిని చూసి నవ్వుకుంటాను గానీ, తప్పులు దిద్దాలని మాత్రం అనిపించదు.