గఢీ గోడకు ఆదివారం గండం

నా పదవీ విరమణకు ముందటి ఏడాది, ఫిబ్రవరి మొదటి సోమవారం, ఫరీదాబాద్ దాటాక ఉన్న ఒక పాత గఢీ మరమ్మతులు నాకు అప్పగించారు. అప్పటికి నేను పాత కట్టడాలను కాపాడే శాఖలో అసిస్టెంట్ ఇంజనీరుని. గఢీ అంటే తెలంగాణలోని గడీ లాంటిదే, అటు కోటా కాదు, ఇటు ఉత్త ఇల్లూ కాదు. మొగలుల పట్టు సడలిన రోజుల్లో, ఎవరి ప్రాణం వాళ్ళే కాచుకోవాలని ఒక జమీందారు కట్టుకున్నాడు. నాలుగు మూలలా బురుజులు, గోడల్లో తుపాకీ గొట్టం పట్టేంత కంతలు. లోపలికి వెళితే ఉయ్యాల కొక్కేలు. బురుజెక్కితే ఒకపక్క ఆవచేలు, ఒకపక్క ఫ్యాక్టరీ పొగగొట్టాలు. మొదటి రోజే నాకు పిచ్చి పట్టింది. దీన్ని జనానికి చూపించాకే రిటైరవుతానని ఇంట్లో ప్రకటించేశాను.

నాకంటే పిచ్చివాడు కాపలాదారు సత్‌బీర్. వాళ్ళ ముత్తాతలు ఆ వాకిటి కావలివాళ్ళే. సందర్శకులను అనుమతిస్తే గైడు పని అతనికే ఇస్తామని శాఖ మాటిచ్చింది.

అడ్డమల్లా సింహద్వారం పక్కగోడలోని నిలువు పగులు. పగులు ఎప్పటిదో, ఇంకా కదులుతోందో తేల్చడానికి మా పనిలో ఒక పద్ధతి ఉంది. దాని మీద అడ్డంగా సన్నని గాజుపట్టీ పెట్టి, రెండు కొసలూ గచ్చుతో అతికించి, పక్కన తేదీ రాస్తాం. గోడ వెంట్రుకవాసి కదిలినా గాజు పగులుతుంది. నెల్లాళ్ళు నిలిస్తే గోడ క్షేమం. సోమవారం అతికించాను. మరుసటి సోమవారానికి పగిలింది. మళ్ళీ అతికించాను, మళ్ళీ పగిలింది. శనివారం దాకా బాగానే ఉంటోందని సత్‌బీర్ ఫోన్‌లో చెప్పేవాడు. లారీల అదురా, నేలలో నీరా అని నేను బుర్ర బద్దలు కొట్టుకున్నాను. మూడోది కూడా పోయాక, సందర్శకులను అనుమతించరాదని నివేదిక రాసేశాను. మొండితనం కొద్దీ నాలుగోది అతికించి, నివేదిక సంగతి సత్‌బీర్‌కు చెప్పాను. ‘ఠీక్ హై సాబ్’ అన్నాడంతే. ఆ పూట టీ ఇవ్వలేదు.

నివేదికకు ఫోటోలు కావాలని ఆ ఆదివారం జూనియర్ ఇంజనీరు స్వరూపను వెంటబెట్టుకుని వెళ్ళాను. ఆమెది వరంగల్. ఎప్పటిలాగే పెద్ద తలుపులో ఉండే దిడ్డి తలుపు గుండా వంగి దూరి, ఎవరూ కనబడకపోతే బురుజెక్కాం. కాసేపటికి కింద నుంచి గంభీరమైన గొంతు వినిపించింది. తొంగి చూస్తే సత్‌బీర్. తలకు గులాబీరంగు పాగా. ఖాళీ వాకిట్లో లేని జనానికి నమస్కారం పెట్టి గఢీ చరిత్ర చెబుతున్నాడు. చెప్పి చెప్పి, తలుపుకు అడ్డంగా ఉన్న గడియమానును రెండు చేతులా పక్కగోడ తొర్రలోకి తోశాడు. శత్రువులను ఆపడానికి చేసిన దూలం అది. తొర్ర చివర ధన్‌మని తగిలింది. పైన గాజు టప్‌మంది.

స్వరూప నా వైపు చూసింది. “సార్, గోడ కదుల్తలేదు. భయ్యా కదిలిస్తుండు” అంది.

ఆ పెద్ద తలుపు తెరుస్తారన్న సంగతే నాకు తెలియదు. సత్‌బీర్ ప్రతి ఆదివారం ఇలా తలుపు తెరిచి గైడు పనికి సాధన చేస్తున్నాడట. ఇవాళ మాత్రం చివరిసారని తెరిచాడట. తన తలుపు తానే మూసుకుంటున్నానని అర్థమయ్యాక అతను నేల మీద చతికిలబడ్డాడు. నాకు నవ్వాగలేదు. చొక్కా చేతులు మడిచి, ఏడుసార్లు నేనే ఆ మాను లాగి తోశాను. అంత ఆనందం నాకు ప్రమోషన్ వచ్చినప్పుడు కూడా కలగలేదు.

తొర్రలో గోనెసంచుల మెత్త వేయించాం. ఐదో గాజు నెల్లాళ్ళూ నిలిచింది. గఢీ తెరిచిన రోజు సత్‌బీర్ జనాన్ని తొర్ర దగ్గర ఆపి, శత్రువులెవరూ ఈ తలుపు దాటలేదని, ఒక్క ఇంజనీరు సాబ్ మాత్రం దీన్ని శాశ్వతంగా మూయించబోయాడని చెప్పి, నన్ను వేలెత్తి చూపించాడు. అందరూ నాతో ఫోటోలు దిగారు.

ఆ తరువాత రిటైరయ్యేదాకా ఏ కట్టడంలోనైనా పగులు కొలిచే ముందు, అక్కడున్న తలుపులన్నీ నా చేత్తో తెరిచి మూసేవాణ్ణి.